మోడల్ విమానాల మీద దుమ్ము ఎలా వదిలించాలి? ముందు ఆ గుడ్డ పక్కన పెట్టండి

మా ఇల్లు ఒంగోలులో కర్నూలు రోడ్డుకి రెండు సందుల అవతల. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెల లారీలు తిరిగే దారి అది, పొద్దున తుడిచిన టీపాయ్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అలాంటి ఇంట్లో నలభై దాకా స్కేల్ మోడళ్లు పెట్టుకున్నాను. ఎక్కువ విమానాలే, ఒక విక్రాంత్ ఓడ, కొన్ని డైకాస్ట్ (లోహం అచ్చు పోసి చేసే) కార్లు, శ్రీహరికోట చూసొచ్చిన ఊపులో చేసుకున్న పీఎస్‌ఎల్‌వీ ఒకటి. అసలు రాకెట్ 44 మీటర్లు, నాది నూరో వంతు, 44 సెంటీమీటర్లు. దాని మీద పడే దుమ్ము మాత్రం నూరో వంతు పడదు కదా, అక్కడే వచ్చింది చిక్కంతా.

ఒక భోగికి ముందు బూజు దులుపుతూ అమ్మ పాత చీర ముక్కతో నా షోకేసు కూడా తుడిచేసింది. మిగ్-21కి ముక్కు దగ్గర ముందుకు పొడుచుకొచ్చే సన్నటి గొట్టం ఉంటుంది, వేగం కొలవడానికి. సాయంత్రం చూస్తే అది లేదు. అడిగితే "ఏదో పుల్ల ఇరుక్కునుంటే తీసి పారేశాలేరా" అంది. పుల్ల పోతే పోయింది, అసలు నష్టం లైటు కింద పెట్టి చూస్తే కనిపించింది. రెక్కల పొడవునా వెంట్రుకల్లాంటి గీతలు. రాతి పొడి పెయింట్ కన్నా చాలా గట్టిది, గుడ్డతో అద్ది తుడిచామంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. అందుకే వరసెప్పుడూ ఇదే: ముందు గాలి, తర్వాత బ్రష్, ఇంకా పోకపోతేనే తడి.

మొదలుపెట్టే ముందు

పొద్దున్నే కూర్చోండి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే ఊదిన దుమ్మంతా మళ్లీ మొహానికే కొడుతుంది. ఫ్యాన్ ఆపండి, మాస్క్ పెట్టుకోండి. పెద్ద పళ్లెంలో తెల్ల టవల్ పరిచి దాని మీదే పని చేయండి, ఏ చిన్న ముక్క రాలినా ఎగిరి మంచం కిందకి పోకుండా అక్కడే కనిపిస్తుంది. ప్రతి మోడల్‌కీ ఫోన్‌తో నాలుగు పక్కలా ఫొటో తీసుకోండి. ఏదైనా ఊడితే ఎక్కడిదో అప్పుడు తెలీదు, ఎంత బాగా గుర్తుంటుందనుకున్నా తెలీదు.

చేతులకి పలచటి రబ్బరు గ్లోవ్స్ చాలు. నూలు గ్లోవ్స్ వద్దు, వాటి పోగులు యాంటెన్నాలకి తగులుకుని పీకేస్తాయి. విమానాన్ని తోక దగ్గర కాకుండా రెక్కలు ఒంటికి కలిసే చోట పట్టుకోండి, ఓడనైతే అడుగున పట్టుకోవాలి.

గాలి

కెమెరా లెన్సులు ఊదుకునే రబ్బరు బ్లోయర్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. జానెడు దూరం నుంచి, పైనుంచి కిందికి, ముక్కు నుంచి తోక వైపుకి ఊదుతూ రండి. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. కంప్యూటర్లకి కొట్టే గాలి డబ్బా ఉంటే నిలువుగానే పట్టుకోండి, వాలిస్తే లోపలున్న ద్రవం మంచులా వచ్చి పెయింట్ మీద పడుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి ఊసే వద్దు, ఈ కిట్లు ఎక్కువగా పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్, వేడి ఎక్కువైతే సన్నటి భాగాలు వంకర పోతాయి.

నా విక్రాంత్ 1/700 సైజుది, అంటే అసలు ఓడలో ఏడువందల వంతు, మొత్తం ఓడ 37 సెంటీమీటర్లు. దాని రెయిలింగులు కోసిన ఇత్తడి రేకులు, వేలు తగిలితే వంగిపోతాయి. దానికి బ్లోయరే గతి, వారానికోసారి నాలుగు ఊదులు, అంతే.

బ్రష్

మేకప్ బ్రష్ అన్నిటికన్నా మెత్తన. కొత్తది కొనండి, పౌడర్ అంటిన ఇంట్లోది కాదు. సందుల్లోకి సున్నా నంబరు పెయింటింగ్ బ్రష్. రెండింటినీ ఒకసారి కడిగి బాగా ఆరనివ్వండి. బ్రష్‌తో రుద్దక్కర్లేదు, కుంచె కొస మాత్రమే ఆనేటట్టు దుమ్ముని పైకి ఎగరేసి, రెండో చేత్తో అదే క్షణం బ్లోయర్ నొక్కాలి. మొదట్లో చేతులు తడబడతాయి, నాలుగో విమానానికి అలవాటవుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని మూతికి పాత సాక్సు ఒకటి బిగించి, ఒక అడుగు దూరంలో ఆన్ చేసి పెట్టుకోండి. లేచిన దుమ్ము అది లాక్కుంటుంది, ఊడిన ముక్క ఏదైనా ఉంటే సాక్సు దగ్గరే ఆగుతుంది.

జిడ్డు పట్టినవాటికి తడి

హాల్లో వంటగది పక్కనే షోకేసు ఉంటే పోపు జిడ్డూ దుమ్మూ కలిసి గోధుమ రంగు పొరలా అంటుకుపోతుంది, అది బ్రష్‌కి కదలదు. దీనికి మన బోరు నీళ్లు పనికిరావు, ఆరాక తెల్ల మచ్చలు తేలతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చుకోండి. అరగ్లాసు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. ఇయర్ బడ్ ముంచి, వేళ్లతో పిండేసి, మోడల్ మీద దొర్లించండి. దొర్లించడమే, రుద్దడం కాదు. దూది కొస నల్లబడగానే ఆ బడ్ పారేసి ఇంకోటి తీయండి, ఒక రెక్కకి అరడజను అయిపోయినా పీనాసితనం చూపించొద్దు. చివర్లో ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో ఇంకోసారి. మ్యూజియాల్లో బొమ్మల మీద జిడ్డు తీసేవాళ్లు తమ ఉమ్మి కూడా వాడతారు, అందులోని ఎంజైములు మురికిని విడదీస్తాయి. నేనూ చేసి చూశాను, పని చేస్తుంది, కానీ ఎవరూ లేనప్పుడు చేసుకోండి.

ముందుగా అడుగు భాగంలో, కనపడని చోట ఒకసారి పరీక్షించుకోండి. బడ్‌కి రంగు అంటితే అక్కడితో ఆపేయండి. పైన క్లియర్ కోట్ (రంగు లేని వార్నిష్) కొట్టని మోడళ్లకీ, బురదా మసీ కనపడాలని పొడి రంగులు అద్దినవాటికీ, దారాలు కట్టిన చెక్క ఓడలకీ తడి అసలు తగలనివ్వొద్దు. డికాల్స్, అంటే మోడల్ మీద అంటించే గుర్తులూ నంబర్లూ, వాటి అంచులు లేచి ఉంటే అటు పోకండి.

శానిటైజర్‌తో తుడిస్తే ఏమవుతుందో మా ఫ్రెండ్ కరోనా రోజుల్లో తెలుసుకున్నాడు. అందులోని ఆల్కహాల్‌కి అక్రిలిక్ రంగు జిగురులా లేచొచ్చింది. గోళ్ల రంగు తీసే అసిటోన్ ఇంకా ఘోరం, ప్లాస్టిక్కునే కరిగిస్తుంది. కాక్‌పిట్ మీది అద్దం అద్దం కాదు, ప్లాస్టిక్కే, కాబట్టి కిటికీలు తుడిచే స్ప్రే దాని మీద కొట్టొద్దు. బాగా ఊదాక, కళ్లజోడు గుడ్డ కొస తడిపి మెల్లగా అద్దండి.

డైకాస్ట్ కార్లకి ఇంత భయం అక్కర్లేదు, లోహం కదా, కొంచెం గట్టిగానే ఉంటాయి. టైర్ల సందులు చూసుకుంటే సరిపోతుంది.

తడిపినవాటిని ఎండలో పెట్టకండి. ఏదైనా ప్లాస్టిక్ బుట్ట బోర్లించి రాత్రంతా వదిలేస్తే సందుల్లో నీళ్లు కూడా ఆరిపోతాయి.

మళ్లీ పట్టకుండా

అద్దాల బీరువా తలుపుల సందుల్లో స్పాంజ్ టేప్ అంటించాక నా పని సగానికి సగం తగ్గింది. ముందే చేసుంటే బాగుండేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల తేమకి సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేయండి. చీరల బీరువాలో వేసినట్టు కలరా ఉండలు మాత్రం వేయొద్దు. ఆ నాఫ్తలీన్ ఆవిరికి పాలీస్టైరీన్ మెత్తబడి జిగటగా తయారవుతుంది. కిటికీ ఎండ పడే గోడకి బీరువా పెట్టినా కష్టమే, రంగులు వెలిసిపోతాయి.

మిగ్ ముక్కుకి ఇప్పుడు ఇన్సులిన్ సిరంజి సూది కోసి అతికించాను, అసలు దానికన్నా బాగా కుదిరింది. మొన్న భోగికి బూజు కర్ర పట్టుకుని అమ్మ అటు వస్తుంటే ముందే చెప్పాను, ఈసారి అది పుల్ల కాదు, సూది, గుచ్చుకుంటుందని.