జపనీస్ రెస్టారెంట్‌లో తొలిసారి భోజనం ఎలా చేయాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో పిల్లల దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళలో చాలామంది, అక్కడి జపనీస్ రెస్టారెంట్‌లో పుల్లలతో తినడం రాదన్న బిడియంతో అర్ధాకలితోనే లేచి వస్తున్నారు. ఆ బిడియం అక్కర్లేదు.

శాకాహారులైతే ముందుగా, "ఇందులో దాషి దేనితో చేశారు?" అని అడగాలి. మనకు చారులో పప్పుకట్టు ఎలాగో జపాన్ వంటకు దాషి అలాగ. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పొగపట్టించిన బొనీటో చేప తురుము కలిపి సారం తీస్తారు కాబట్టి, పులియబెట్టిన సోయా ముద్దతో చేసే, చేప ముక్క కనిపించని మిసో సూప్‌లోనూ, బజ్జీల్లా పిండిలో ముంచి వేయించే టెంపురాను అద్దుకునే రసంలోనూ చేప ఉండవచ్చు. కొంబుతో మాత్రమే చేసే దాషి కూడా ఉంది. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా ఉమామి అనే ఐదో రుచిని గుర్తించింది ఆ కొంబు సారంలోనే.

కూర్చోగానే ఇచ్చే తడి తువ్వాలు చేతులకే, ముఖానికి కాదు. తరువాత ఎడమామె తెప్పించుకుంటే తేలిక: ఉడికించి ఉప్పు చల్లిన లేత సోయా కాయలవి, సంక్రాంతి రోజుల్లో మనం ఉడకబెట్టుకునే కందికాయల్లాగే గింజలు తిని తొక్క వదిలేయాలి.

పుల్లలలో కిందిది బొటనవేలి మొదట్లో, ఉంగరపు వేలిపై కదలకుండా ఉండాలి. పైదాన్ని కలంలా పట్టుకుని అదొక్కటే కదపాలి. వాటిని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్క అందించకూడదు. మొదటిది చనిపోయినవారికి పెట్టే అన్నాన్ని, రెండోది దహనం తరువాత అస్థికలు ఏరడాన్ని గుర్తుచేస్తాయి. పిండం, అస్థిసంచయనం తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

పులుపు పట్టించిన అన్నపు ముద్దపై చేప ముక్క పెట్టిన నిగిరి సుషీని చేత్తో తినడం జపాన్‌లోనూ మర్యాదే. నాతో వచ్చిన మా మేనత్త ఆ మాట విన్నాకే, మూడు వేళ్ళతో ముద్ద తీసుకుని, తిరగవేసి, చేప వైపు మాత్రమే సోయా సాస్‌లో తాకించి నోట్లో పెట్టుకుంది. అన్నం వైపు ముంచితే ముద్ద విడిపోతుంది, ఉప్పు ఎక్కువవుతుంది. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు పచ్చి చేప మానేసి, ఉడికించిన రొయ్యతోనో కీరదోసతోనో చేసినవి కోరాలి.

పక్కనే ఉండే ఆకుపచ్చ ముద్ద కొత్తిమీర పచ్చడి కాదు, వసాబి. ఆవపెట్టిన కూరలో ఘాటు ముక్కుకు ఎక్కినట్టే ఇదీ ఎక్కుతుంది గనుక ఆవగింజంతతో మొదలుపెట్టాలి. పలుచని అల్లం ముక్కలను సుషీపై వేసుకోకుండా, ఒక రకానికీ మరో రకానికీ మధ్య నోరు శుభ్రపడటానికి నమలాలి.

మిసో సూప్‌ను చోళ్ళ అంబలి తాగినట్టు గిన్నె ఎత్తి తాగి, అడుగున మిగిలిన టోఫు (సోయా పనీర్) ముక్కలను పుల్లలతో తీసుకోవచ్చు. రామెన్ నూడుల్స్‌ను చప్పుడు చేస్తూ జుర్రుకున్నా తప్పు లేదు. వేడి తగ్గకముందే తినాలి.