సింఫనీ ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు)లో శ్రుతి ఊగుతోందా? బెల్ట్ కొనకముందు ఇది చూడండి

సమస్య: బీథోవెన్ అయిదో సింఫనీ మొదటి భాగంలో ఆర్కెస్ట్రా అంతా ఆగి, ఓబో అనే ఊదే వాద్యం ఒక్కటే నెమ్మదిగా పలికే చోటుంది. అక్కడ స్వరం నిలబడదు, పైకీ కిందికీ ఊగుతుంది. అందరూ కలిసి హోరెత్తించే చోట మాత్రం ఏమీ తెలియదు.

మొదట చేయాల్సింది: అదే ప్లేయర్ మీద ఇంకో రెండు మూడు రికార్డులు వేసి చూడండి. అవి బాగా పలికితే డిస్కును తిప్పే బెల్టుకూ మోటారుకూ సంబంధం లేదు. అయిదు నిమిషాల పని, ఎవరూ చేయరు. నేనూ చేయలేదు. మోజార్ట్ 39వ సింఫనీ మినుయెట్‌లో క్లారినెట్ వణుకుతోందని రెండు బెల్టులు కొన్నాను, మోటారుకు నూనె కూడా వేశాను.

కారణం: డిస్కు మధ్య రంధ్రం. కొన్ని డిస్కులకు అది సరిగ్గా నడిమధ్యన ఉండదు. నిమిషానికి 33⅓ చుట్ల స్పీడులో ఒక చుట్టుకు 1.8 సెకన్లు. ఊపు సరిగ్గా అంతసేపటికోసారి వస్తుంటే అనుమానం రంధ్రం మీదే. ముల్లు దించి, దాన్ని మోసే కడ్డీ అయిన టోన్ ఆర్మ్‌ను పైనుంచి చూడండి. చుట్టుకోసారి కుడిఎడమలకు ఊగుతుంది. ఆ ఊపు మొత్తం 2 మి.మీ. ఉంటే రంధ్రం 1 మి.మీ. పక్కకు ఉన్నట్టు. చివరి గాడుల దగ్గర, అంటే కేంద్రం నుంచి 60 మి.మీ. దూరంలో, వేగం అటూ ఇటూ 1.7 శాతం మారుతుంది. శ్రుతి తెలిసిన చెవికి అది చాలా ఎక్కువ. బయటి అంచు దగ్గర ఇందులో సగం కూడా ఉండదు, అందుకే మొదటి నిమిషాలు విని "బాగానే ఉంది" అనుకుంటాం. రెండో వైపు శుభ్రంగా ఉండొచ్చు, రెండు వైపుల కేంద్రాలూ ఒక్కటిగా ఉండాలని లేదు.

పరిష్కారం: ఆర్మ్ బాగా బయటికి వచ్చినప్పుడు ముల్లు వైపున్న లేబుల్ మీద పెన్సిల్ గుర్తు పెట్టండి. డిస్కు తీసి, రంధ్రానికి ఆ వైపు అంచును సన్నటి గుండ్రటి ఆకురాయితో కాస్త రాయండి. పొడి గాడుల్లో పడకుండా తుడవండి. మళ్లీ వేసి, గుర్తు ఉన్న వైపు నుంచి డిస్కును స్పిండిల్ (రంధ్రంలోంచి పైకి వచ్చే నడిమి కడ్డీ) వైపు వెంట్రుకవాసి నెట్టండి. ఊపు ఆగేదాకా ఇదే. నెట్టే ప్రతిసారీ ముల్లు ఎత్తి ఉండాలి. అరుదైన, ఖరీదైన డిస్కు జోలికి మాత్రం వెళ్లకండి.

ఆర్మ్ పైకీ కిందికీ ఎగురుతుంటే డిస్కు వంగింది, అది వేరే సంగతి. అమెరికా నుంచి తెచ్చుకున్న పాత ఏసీ మోటారు ప్లేయర్‌లో శ్రుతి ఊగకుండా మొత్తంగా దిగిపోతే, మోటారు నెమ్మదిగా తిరుగుతున్నట్టు: అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. దానికి మన 50 హెర్ట్జ్‌కు సరిపడే పుల్లీ వెయ్యాలి.