మూతపడ్డ వాలెట్ నుంచి సొమ్ము రాబట్టడం – మూడో పాఠం: తాళంచెవి కంపెనీ దగ్గరే ఉండిపోతే

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీరు క్రిప్టో వాలెట్ (బిట్‌కాయిన్ లాంటి నాణేలు దాచుకునే సర్వీసు) ఖాతా తెరిచిన రోజున 12 లేదా 24 మాటలు చూపించి కాగితం మీద రాసుకోమన్నారా, లేక ఈమెయిలు, పాస్‌వర్డు తీసుకుని సరిపెట్టారా అన్నది తేల్చుకోమన్నాను. ఆ మాటలే నాణేలను కదిలించే తాళంచెవి. అవి ఉన్నవాళ్లకు ఇవాళ్టి పాఠంతో పెద్దగా పని పడదు. సర్వీసు మూసేసినా వాళ్ల నాణేలు బ్లాక్‌చెయిన్ (బదిలీలన్నీ నమోదయ్యే ఉమ్మడి పద్దు) మీద ఎక్కడివక్కడే ఉంటాయి. అవే మాటలు ఇంకో వాలెట్‌లో ఎక్కిస్తే చాలు.

చాలు అన్నాను గానీ, అక్కడో చిక్కుంది. మాటలన్నీ సరిగ్గానే కొడతారు, కొత్త వాలెట్ మాత్రం సున్నా చూపిస్తుంది. ఎవరో కాజేశారని అప్పుడే అనుకోకండి. ఒకే మాటల నుంచి వేర్వేరు దారుల్లో వేర్వేరు అడ్రసులు పుడతాయి. పాత వాలెట్ ఒక దారి వాడి ఉంటుంది, కొత్తది మరో దారిలో వెతుకుతూ ఉంటుంది. మీ పాత బిట్‌కాయిన్ అడ్రసు మొదలు చూడండి. 1తో మొదలైతే 44 నంబరు దారి, 3తో మొదలైతే 49, బీసీ1క్యూ (bc1q) అని మొదలైతే 84. సెట్టింగ్స్‌లో డెరివేషన్ పాత్ అని ఉండేచోట ముందు ఇవి ప్రయత్నించండి. (3తో మొదలయ్యేవాటిలో కొన్ని రెండు సంతకాలు కావలసిన ఖాతాలు. వాటి గొడవ ఐదో పాఠంలో.) అయినా కనపడకపోతే ఇంకొకటుంది. మామూలుగా వాలెట్ వరసగా 20 ఖాళీ అడ్రసులు తగిలితే ఇక ఏమీ లేదనుకుని వెతకడం ఆపేస్తుంది. ఆ 20ని 100 చేసి మళ్లీ వెతికించండి.

నా పాత కాగితం మీద ఒక మాట తడికి చెదిరిపోయి మొదటి నాలుగు అక్షరాలే మిగిలాయి. ఒక పూటంతా టెన్షన్ పడ్డాను, అనవసరంగా. ఆ మాటలు వచ్చేది 2048 ఇంగ్లిష్ మాటల జాబితాలోంచి. అందులో మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉన్న మాటలు రెండు ఉండవు.

ఇక అసలు పాఠం.

మీ దగ్గర ఉన్నది నాణెం కాదు, బాకీ

ఈమెయిలు, పాస్‌వర్డుతో నడిచే వాలెట్‌లో తాళంచెవి కంపెనీది. మీకు తెర మీద కనపడే నిల్వ ఆ కంపెనీ పద్దు పుస్తకంలోని ఒక అంకె. అంటే మీరు అప్పిచ్చినవాళ్లు, వాళ్లు మీకు బాకీ. ఈ ఒక్కటి మనసుకు పడితే తర్వాతి పని అంతా దారిలో పడుతుంది. బ్లాక్‌చెయిన్‌లో వెతకడం ఇక్కడ అసలు పని కాదు. బాకీ రుజువు చేయడం అసలు పని.

కంపెనీ తనంతట తాను మానుకుంటూ, ఫలానా తేదీలోపు తీసుకోండి అని చెబితే అదృష్టమే. ఆ తేదీ దాకా ఆగకుండా అదే రోజు తీసేయండి. ముందు చిన్న మొత్తం పంపి, అది చేరాక మిగతాది పంపండి. నాణెం ఒకటే అయినా నెట్‌వర్క్ వేరైతే సొమ్ము చేరనిచోటికి పోతుంది, అది మాత్రం రెండుసార్లు చూసుకోండి. ఈ సందర్భం గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

కష్టమంతా హ్యాక్ జరిగి మూసినప్పుడు, దివాలా తీసినప్పుడు.

ఇన్‌స్టావాలెట్ అనే బిట్‌కాయిన్ వాలెట్ సంగతి చూడండి. దానికి పాస్‌వర్డే లేదు. పొడుగాటి లింకు ఒకటి ఇచ్చేవారు, ఆ లింకు ఎవరి దగ్గరుంటే సొమ్ము వాళ్లది. 2013 ఏప్రిల్‌లో ఎవరో డేటాబేస్‌లోకి చొరబడ్డారు, సర్వీసు మూసేశారు. ఇప్పుడు లింకు మీ దగ్గరా ఉంది, దొంగ దగ్గరా ఉంది. లింకు చూపించి ఇది నాది అంటే సరిపోతుందా? అందుకే వాళ్లు 90 రోజుల గడువు పెట్టారు. ఆ లోపు అదే లింకు మీద ఇంకెవరూ క్లెయిమ్ వేయకపోతే, 50 బిట్‌కాయిన్ల లోపు నిల్వలు తిరిగి ఇస్తామని ప్రకటించారు. అంతకంటే పెద్దవి ఒక్కొక్కటిగా పరిశీలిస్తామన్నారు.

నేను ఈ ఉదాహరణ ఎప్పుడూ ఎందుకు చెబుతానంటే, ఆ సర్వీసు ఇచ్చిన ఆధారం ఆ సర్వీసుతోనే చచ్చిపోయింది. పనికొచ్చేది దాని బయట ఉన్న ఆధారం. సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు పంపారు, ఏ రోజు పంపారు అన్నదానికి సాక్ష్యం.

ఆధారాల ఫైలు

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, క్లెయిమ్ ఫారం వచ్చాక ఆధారాలు వెతుక్కునేవాళ్లే ఎక్కువ. అప్పటికి వెబ్‌సైటు ఉండదు. విత్‌డ్రాయల్స్ ఆగాయన్న వార్త విన్న రోజే కూర్చోండి.

లాగిన్ ఇంకా పనిచేస్తుంటే ముందు లావాదేవీల చరిత్ర మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి. తర్వాత మీకిచ్చిన డిపాజిట్ అడ్రసులు, నిల్వ చూపించే పేజీ, ఖాతా నంబరు. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన అడ్రస్ బార్, కింద తేదీ పడేలా తీయండి. ఈమెయిళ్లకు మాత్రం స్క్రీన్‌షాట్లు చాలవు. ఈమెయిలును దాని హెడర్లతో సహా అసలు రూపంలో దాచండి. బొమ్మను ఎవరైనా దిద్దగలరు. హెడర్లుంటే అది ఏ సర్వర్ నుంచి, ఎప్పుడు వచ్చిందో పరీక్షించి చూసుకోవచ్చు.

ఒప్పందం కాపీ చాలామంది వదిలేస్తారు. మీరు ఖాతా తెరిచినప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కిన ఆ పొడుగాటి పేజీ. అది ఎందుకో కాసేపట్లో చెబుతాను. సైటు పోయి ఉంటే వేబ్యాక్ మెషీన్‌లో (పాత వెబ్ పేజీల నకళ్లు దాచే సైటు) ఆనాటి పేజీ దొరుకుతుందేమో చూడండి.

ఇప్పుడు పద్దు. మీరు పంపిన ప్రతి డిపాజిట్‌కీ, తీసుకున్న ప్రతి విత్‌డ్రాయల్‌కీ ఒక వరస: తేదీ, మొత్తం, ట్రాన్సాక్షన్ ఐడీ (బ్లాక్‌చెయిన్‌లో ఆ బదిలీ గుర్తింపు), ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసుకు. సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) రాయండి. మీ ఫోన్ చూపే సమయానికీ దానికీ తేడా వల్ల తేదీ ఒక రోజు మారిపోవచ్చు. పరిశీలించేవాళ్లు తేదీ కలవలేదని పక్కన పెడితే మళ్లీ ఉత్తరాలు నడపాలి.

ఉదాహరణకు 0.80, 0.35 బిట్‌కాయిన్ల చొప్పున రెండుసార్లు వేశారు, 0.20 ఒకసారి తీశారు. మిగలాల్సింది 0.95. సైటు చివరగా చూపింది 0.949. ఆ 0.001 ఎక్కడ పోయింది? విత్‌డ్రాయల్ ఫీజు. ఆ మాట పద్దులో రాయండి. చిన్న తేడానే అయినా మీరే కారణం చెబితే పద్దు మీద నమ్మకం పెరుగుతుంది. సైటు లోపల కొనుగోళ్లు, అమ్మకాలు చేసి ఉంటే అవేవీ బ్లాక్‌చెయిన్ మీద కనపడవు. వాటికి కంపెనీ డేటాబేసే దిక్కు, మీరు డౌన్‌లోడ్ చేసుకున్న చరిత్రే నకలు.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. తమ డిపాజిట్ అడ్రసును బ్లాక్‌చెయిన్‌లో చూస్తారు. వేసిన గంటకే అక్కడి నాణేలు ఇంకెక్కడికో పోయినట్టు కనపడుతుంది. అదిగో దొంగ అడ్రసు దొరికింది అని క్లెయిమ్‌లో పేజీలకు పేజీలు రాస్తారు. ఇలాంటి సర్వీసులు డిపాజిట్లన్నీ ఊడ్చి ఒక ఉమ్మడి నిల్వలో పోయడం మామూలే. మీ 0.80 వేరే మూటగా ఎక్కడా ఉండదు. మీరు రుజువు చేయాల్సింది వేశానని. తర్వాత ఎటు పోయిందన్నది లిక్విడేటర్ (మూతపడ్డ కంపెనీ ఆస్తులు తేల్చి అప్పులవాళ్లకు పంచే అధికారి) పని.

వేసింది మీరేనని ఎలా చూపాలి? పంపిన అడ్రసు తాళంచెవి మీ సొంత వాలెట్‌లో ఉంటే ఇంతకు మించిన ఆధారం లేదు. ‘సైన్ మెసేజ్’ అన్న చోట ఒక వాక్యం రాసి సంతకం చేయండి: క్లెయిమ్ నంబరు, ఆనాటి తేదీ, ఈ అడ్రసు నాది అని. తాళంచెవి ఎవరికీ చూపనక్కర్లేదు, సంతకం ఎవరైనా సరిచూసుకోవచ్చు. 1తో మొదలయ్యే అడ్రసులకు ఇది దాదాపు అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుంది. కొత్త రకం అడ్రసులకు వాలెట్‌ను బట్టి పద్ధతి మారుతుంది కాబట్టి ఏ వాలెట్‌తో చేశారో పక్కన రాయండి. ఏదైనా ఎక్స్ఛేంజి (నాణేలు కొని అమ్మే సైటు) నుంచి నేరుగా పంపి ఉంటే సంతకం కుదరదు, తాళంచెవి ఆ ఎక్స్ఛేంజిది. అప్పుడు ఆ ఎక్స్ఛేంజి పంపిన విత్‌డ్రాయల్ ఈమెయిలు, మీరు దాంట్లో డబ్బు వేసిన బ్యాంకు స్టేట్‌మెంటు జత చేయండి.

ఒప్పందంలోని ఒక్క వాక్యం

సెల్సియస్ అనే క్రిప్టో కంపెనీ 2022 జూన్ 12న విత్‌డ్రాయల్స్ ఆపేసి, జూలై 13న అమెరికాలో దివాలా కోర్టుకు వెళ్లింది. ఒకే కంపెనీలో రెండు రకాల ఖాతాలున్నాయి: వడ్డీ ఇచ్చే ‘ఎర్న్’, ఊరికే దాచిపెట్టే ‘కస్టడీ’. 2023 జనవరిలో జడ్జి మార్టిన్ గ్లెన్ ఇచ్చిన తీర్పు ప్రకారం ఎర్న్ ఖాతాల్లోని నాణేలు కంపెనీ ఆస్తి. కారణం, ఒప్పందంలో హక్కు కంపెనీకి బదలాయిస్తున్నట్టు రాసి ఉండటమే. ఆ ఖాతాదారులు మిగతా అప్పులవాళ్లతో పాటు వరసలో నిలబడ్డారు. న్యూజిలాండ్‌లో క్రిప్టోపియా కథ దీనికి ఎదురు. 2019 జనవరిలో హ్యాక్ అయి అదే ఏడాది లిక్విడేషన్‌కు వెళ్లిన ఆ ఎక్స్ఛేంజిలోని నాణేలు ఖాతాదారుల తరఫున ట్రస్టుగా ఉంచినవేనని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు చెప్పింది. అంటే మిగతా అప్పులవాళ్లకు వాటి మీద వాటా లేదు.

అందుకే ఆ పేజీ దాచమన్నాను. హక్కు, బదలాయింపు, ట్రస్టు, కస్టడీ అన్న మాటలు వచ్చే వాక్యాల కింద గీత గీసుకోండి. ఫారంలో ఏ రకం ఖాతా అని అడిగే గడిలో వాటిని బట్టే రాయాలి.

ధర ఏ రోజుది?

దివాలా కేసుల్లో ఖాతాదారులకు ఎక్కువ మంట పుట్టించే ప్రశ్న ఇదే. మామూలుగా కోర్టులు కేసు మొదలైన రోజు ధరకే బాకీ లెక్కగడతాయి. 2014లో మూతపడిన మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజి దివాలాలో ఒక బిట్‌కాయిన్‌కు కట్టిన లెక్క సుమారు 483 డాలర్లు. ఎఫ్‌టీఎక్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజిలో, 2022 నవంబరు నాటి ధర ప్రకారం, 16,871 డాలర్లు. ఎఫ్‌టీఎక్స్ ఖాతాదారులకు డాలర్ల లెక్కలో క్లెయిమ్ కంటే ఎక్కువే ఇస్తామన్నారు. కానీ ఆ మధ్యకాలంలో బిట్‌కాయిన్ ఎన్ని రెట్లు పెరిగిందో చూసినవాళ్లు సంతోషించలేకపోయారు. మౌంట్ గాక్స్‌లో మాత్రం 2018 జూన్‌లో కేసు దివాలా నుంచి పునరుద్ధరణ పద్ధతికి మారింది. దానివల్ల నాణేల రూపంలోనే చెల్లించే వీలు కలిగింది, ఆ చెల్లింపులు 2024 జూలైలో మొదలయ్యాయి. పదేళ్లు.

కాబట్టి ఫారంలో ఇవాళ్టి ధర రాయకండి. నాణేల సంఖ్య రాయండి. ధర గడి ఉంటే కోర్టు చెప్పిన తేదీ ధరే వేయండి. ఆఖరు తేదీ మాత్రం ఎక్కడైనా కనపడేలా రాసి పెట్టుకోండి, ఆ తర్వాత వచ్చిన క్లెయిమ్ ఎంత న్యాయమైనదైనా తోసేయొచ్చు. వచ్చేదెంత అన్నది కేసును బట్టి. మైబిట్‌కాయిన్ అనే వాలెట్ సర్వీసు 2011లో 49 శాతం ఇచ్చింది. కెనడాలో క్వాడ్రిగా అనే ఎక్స్ఛేంజి ఖాతాదారులకు 2023లో దక్కింది సుమారు 13 శాతం.

గోరుచుట్టు మీద రోకటిపోటు

2023 ఆగస్టులో దివాలా కేసుల్లో క్లెయిమ్‌లు చూసే క్రోల్ అనే సంస్థ నుంచి ఎఫ్‌టీఎక్స్, బ్లాక్‌ఫై, జెనెసిస్ అనే క్రిప్టో కంపెనీల క్లెయిమ్‌దారుల వివరాలు బయటికి పోయాయి. ఆ తర్వాత వాళ్లకు అచ్చం కోర్టు ఉత్తరాల్లాంటి మెయిళ్లు మొదలయ్యాయి. మీ సొమ్ము సిద్ధంగా ఉంది, ఈ లింకు నొక్కి వాలెట్ కలపండి అని. క్లెయిమ్ వేశాక మీకూ ఇలాంటివి వస్తాయనే అనుకోండి. దివాలా కేసు చూసే ట్రస్టీ గానీ లిక్విడేటర్ గానీ మీ 12 మాటలు అడగరు. మెయిల్లోని లింకు నొక్కకుండా, కోర్టు నోటీసులో ఉన్న అడ్రసు మీ చేత్తో కొట్టి లోపలికి వెళ్లండి. ముందు ఫీజు కడితే పోయిన నాణేలు వెనక్కి తెస్తామనే వాళ్లున్నారు చూశారా, వాళ్లతో వాదన కూడా పెట్టుకోవద్దు. బ్లాక్‌చెయిన్‌లో జరిగిన బదిలీని వెనక్కి తిప్పే మంత్రం ఎవరి దగ్గరా లేదు.

ఈసారి పని

ఇప్పుడు బాగానే నడుస్తున్న ఒక సర్వీసును, మీరు వాడేదాన్ని, తీసుకోండి. అది రేపు మూతపడుతుందనుకుని పైన చెప్పిన పద్దు మొత్తం రాయండి. మొట్టమొదటి డిపాజిట్ ట్రాన్సాక్షన్ ఐడీ దగ్గర మొదలుపెట్టండి, చాలామందికి దొరకనిది అదే. మీ సొంత వాలెట్‌లో ఒక అడ్రసుతో సంతకం చేసి, ఇంకో కంప్యూటర్‌లో దాన్ని సరిచూడండి. పద్దులో కారణం తెలియని తేడా ఎంత మిగిలిందో కింద రాసి ఉంచుకోండి. నాలుగో పాఠంలో క్లెయిమ్ ఫారం ఒక్కో గడీ నింపుతాం, ఆ అంకెతోనే మొదలుపెడతాం.