ఇంట్లో ఇండస్ట్రియల్ రాక్ – 4వ పాఠం: ఇనుప చప్పుడును డ్రమ్ముగా మార్చడం

ఇండస్ట్రియల్ రాక్ అంటే యంత్రాల, ఇనుప వస్తువుల మోతను కలుపుకున్న రాక్ సంగీతం. పోయిన పాఠంలో నిమిషానికి 120 దెబ్బల వేగంతో ఒక సాదా తాళం కట్టుకున్నాం. ఆ ఫైలు తెరిచి పెట్టుకోండి. ఈసారి నేర్చుకునేది శాంప్లింగ్, అంటే బయట దొరికిన చప్పుడును రికార్డు చేసి, కోసి, శ్రుతి మార్చి వాయిద్యంగా వాడుకోవడం.

పని మొదలుపెట్టేముందు ఒక ఆల్బమ్ వినాలి. నైన్ ఇంచ్ నెయిల్స్ వారి తొలి ఆల్బమ్ ‘ప్రెటీ హేట్ మెషీన్’, 1989 అక్టోబరులో వచ్చింది. పేరుకు బ్యాండే గాని, దాదాపు అంతా ట్రెంట్ రెజ్నర్ ఒక్కడి చేతిపనే. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో రైట్ ట్రాక్ అనే స్టూడియోలో సహాయకుడిగా చేరాడు. ఊడ్చి తుడిచే పనీ ఆయనదే. స్టూడియో ఖాళీగా ఉన్న వేళల్లో యజమాని అనుమతితో డెమోలు తయారు చేసుకున్నాడు. దగ్గరున్న సరంజామా ఒక ఈమాక్స్ శాంప్లర్, మ్యాకింటాష్ ప్లస్ కంప్యూటర్, కొన్ని సింథసైజర్లు. ఆ కాలపు శాంప్లర్ మెమరీ కొద్ది సెకన్ల చప్పుడుకే నిండిపోయేది. కాబట్టి పొడవాటి రికార్డింగుల ముచ్చటే లేదు, ఏ చప్పుడునైనా చిన్న ముక్కగా కోసుకోవలసిందే.

ఇనుప మోత రెజ్నర్ కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో థ్రాబింగ్ గ్రిసిల్ అనే బృందం 1970ల లోనే ఆ దారి వేసింది. ఆ తరువాత బెర్లిన్‌లో ఐన్‌స్టుర్జెండె నాయ్‌బౌటెన్ బృందం రేకులు, డ్రిల్లులు వేదికెక్కించింది. వాళ్లను వినడానికి ఓపిక కావాలి. రెజ్నర్ చేసినదల్లా ఆ మోత కింద పల్లవీ చరణాలున్న పాటను పెట్టడం. మొదటి పాట ‘హెడ్ లైక్ ఎ హోల్’ విని చూడండి, పల్లవి ఒక్కసారికే పట్టుబడుతుంది. ఐదో పాట ‘సమ్‌థింగ్ ఐ కెన్ నెవర్ హ్యావ్’లో డ్రమ్ముల దాడి లేదు, పియానో మీద గొంతే పాటను నడిపిస్తుంది. అయినా బరువు తగ్గలేదు. నా దృష్టిలో ఆల్బమ్ మొత్తానికి ఆయువుపట్టు ఆ పాటే. ఈ ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 75వ స్థానం దాటి పైకి పోలేదు గాని, ఏళ్ల తరబడి అమ్ముడవుతూ 2003 నాటికి అమెరికాలో 30 లక్షల ప్రతుల ధ్రువీకరణ పొందింది.

ఇక పనిలోకి దిగుదాం. కావలసినవి ఫోను, ఒక ఇనుప వస్తువు, కంప్యూటర్‌లో చప్పుళ్లను కోసి మార్చుకోవడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్. మూకుడు అంచు మీద గరిటెతో ఒక్క దెబ్బ వేసి రికార్డు చేయండి. ఫ్యాను కట్టేయండి, లేకపోతే ఆ హోరు ప్రతి దెబ్బతోనూ వెంట వస్తుంది. ఫోను మరీ దగ్గర పెడితే చప్పుడు పగిలిపోతుంది, జానెడు దూరం చాలు.

ఫైలును ఆడాసిటీలో తెరిచి, దెబ్బ పడిన చోట తరంగాన్ని బాగా పెద్దది చేసి చూడండి. దెబ్బకు ముందున్న నిశ్శబ్దాన్ని పూర్తిగా కోసేయాలి. కంటికి కనిపించనంత ఖాళీ మిగిలినా తాళం వెనకబడినట్టు వినిపిస్తుంది. తరువాత సుమారు 0.4 సెకను ఉంచుకుని మిగతాది తీసేయండి.

ఇప్పుడు శ్రుతిని ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించాలి. దానికి శ్రుతి ఒక్కటే మార్చే ఎఫెక్టు జోలికి పోవద్దు. వేగమూ శ్రుతీ కలిసి మారే ఎఫెక్టు తీసుకుని వేగాన్ని సగం చేయండి. వంటింటి చప్పుడు కాస్తా ఇనుప గేటు మూసినట్టు మోగుతుంది. అయితే నిడివి 0.8 సెకనుకు పెరుగుతుంది. మన వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్నది 0.5 సెకనే కాబట్టి తోక వెళ్లి తరువాతి దెబ్బ మీద పడుతుంది. 0.3 దగ్గర నుంచి సన్నగిల్లేలా చేసి 0.45 దగ్గర ముగించండి.

దీన్ని స్నేర్ (చురుగ్గా పలికే డ్రమ్ము) స్థానంలో, అంటే రెండో, నాలుగో దెబ్బల మీద పెట్టండి. పాత స్నేర్‌ను తీసేయకండి. ఇనుముకు మోత ఉంటుంది గాని తాళానికి కావలసిన చురుకు ఉండదు, ఆ చురుకు స్నేర్ ఇస్తుంది. రెండూ సరిగ్గా ఒకే క్షణంలో మొదలయ్యాయో లేదో మళ్లీ పెద్దది చేసి చూసుకోండి. డిస్టార్షన్, అంటే చప్పుడును కావాలని బరబరలాడించే ఎఫెక్టు, ఇప్పుడే వేయాలని చేయి లాగుతుంది, ఆపుకోండి. దాని పాఠం వేరే ఉంది.

ఇంటిపని: ఇదే పద్ధతిలో మరో రెండు చప్పుళ్లు, ఒకటి చెక్కది, ఒకటి గాజుది, తయారు చేయండి. తాళం మీద నాలుగు పంక్తుల పల్లవి కూనిరాగం తీసి ఫోనులో దాచుకోండి. మాటలు లేకపోయినా పరవాలేదు. 5వ పాఠంలో డిస్టార్షన్ ఆ గొంతు మీదే వేస్తాం.