నయం కాని జబ్బు: చివరి నెలలకు ఇంట్లో ఎలా సిద్ధపడాలి

జబ్బు ఇక నయం కాదని తేలగానే పాలియేటివ్ కేర్, అంటే నొప్పినీ బాధలనూ తగ్గించే చికిత్స చేసే డాక్టరును కలవండి. చివరి వారం దాకా ఆగడం చాలామంది చేసే పొరపాటు. ఆ చికిత్స మొదలైతే మిగతా వైద్యం ఆపేయాలన్న రూలేమీ లేదు, రెండూ కలిసి నడుస్తాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవారిపై అమెరికాలో జరిగిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. అందులో మొదటినుంచీ పాలియేటివ్ కేర్ అందినవాళ్లు మధ్యస్థంగా 11.6 నెలలు బతికితే, మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్లు 8.9 నెలలు బతికారు.

తర్వాత చేయాల్సింది మాట్లాడటం. "నీ జబ్బు గురించి నీకేం అర్థమైంది? ఇంకా ఏం తెలుసుకోవాలని ఉంది?" అని రోగినే అడగండి. చెబితే కుంగిపోతారని దాచినా, ఇంట్లో గుసగుసలతోనే విషయం తెలిసిపోతుంది. అప్పుడు భయం చెప్పుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. గుండె ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెను మళ్లీ కొట్టించే ప్రయత్నం) చేయాలా, వెంటిలేటర్ పెట్టాలా, తిండికి ముక్కులో గొట్టం వేయాలా, చివరి రోజులు ఇంట్లోనా ఆసుపత్రిలోనా? ఇవన్నీ తెలివి స్పష్టంగా ఉన్నప్పుడే తేలాలి. మాట్లాడలేని స్థితి వస్తే తన తరఫున నిర్ణయించే మనిషి ఒక్కరినే రోగి ఎంచుకోవాలి, నలుగురు ఉంటే గొడవే. సాక్షులు, సంతకాల నియమాలు దేశాన్నిబట్టి మారతాయి కాబట్టి అక్కడి పద్ధతిలో రాయించి, ఒక కాపీ డాక్టరుకిచ్చి, ఇంకొకటి మంచం దగ్గరే పెట్టండి. బీరువాలో తాళం వేసిన కాగితం ఆ రాత్రికి పనికిరాదు.

నొప్పి మందు గడియారం చూసి వేయాలి, నొప్పి వచ్చాక కాదు. మామూలు మార్ఫిన్ మాత్ర దాదాపు 4 గంటలు పనిచేస్తుంది, అందుకే 4 గంటలకోసారి ఇస్తారు. నొప్పి ముదిరాక వేస్తే దాన్ని దించడం కష్టం. మధ్యలో నొప్పి ఎగదన్నితే వేయడానికి అదనపు డోసు కూడా ముందే రాయించుకోండి. సాధారణంగా అది రోజు మొత్తం డోసులో ఆరో వంతు నుంచి పదో వంతు ఉంటుంది. ఏ టైముకు ఏం వేశారో, నొప్పి 0 నుంచి 10లో ఎంతుందో ఒక నోటుబుక్కులో రాస్తూ పోండి. డాక్టరు డోసు మార్చేది ఆ లెక్క చూసే.

మార్ఫిన్ అంటే చావుకు ముందు ఇచ్చేదని, అలవాటైపోతుందని భయపడి ఇంట్లోవాళ్లే డోసు ఎగ్గొడుతుంటారు. డాక్టరు కొలిచి ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. మొదట్లో వచ్చే మత్తు, వికారం కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం. కాబట్టి మొదటి మాత్రతోనే సుఖ విరేచనానికి మందు మొదలవ్వాలి. 3 రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పండి. గట్టిపడ్డ మలం అడ్డుపడి దాని పక్కనుంచి నీళ్లలా కారుతుంటే, విరేచనాలనుకుని వాటిని ఆపే మందు వేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. కాళ్లూ చేతులూ ఉన్నట్టుండి అదురుతున్నా, పిలిచినా లేవనంత మత్తుగా ఉన్నా వెంటనే ఫోన్ చేయండి. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో పేరుకుని ఇలా జరగొచ్చు.

పడక పుండ్లు వచ్చాక మానడం కష్టం, రాకుండా చూడటమే తేలిక. ఒక దుప్పటిని మడిచి భుజాల నుంచి తొడల దాకా రోగి కింద పరచండి. ఇద్దరు చెరో పక్క దాని అంచులు పట్టి ఎత్తి జరపాలి. ఈడ్చితే చర్మం రాసుకుని చిట్లుతుంది. 2 గంటలకోసారి పక్క మార్చండి. పూర్తిగా పక్కకు తిప్పకుండా వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చితే తుంటి ఎముక మీద బరువు పడదు. పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉంచండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. అలాగే ఎర్రగా ఉండిపోతే పుండు మొదలైనట్టే. అక్కడ మసాజ్ చేయకండి, కింద గుండ్రటి రింగు పెట్టకండి, రెండూ రక్తం అందకుండా చేస్తాయి. ముదురు రంగు చర్మంలో ఎరుపు కనపడకపోవచ్చు, అప్పుడు వేడిని, గట్టిదనాన్ని తడిమి చూడాలి.

ఆయాసానికి అందరూ ముందు ఆక్సిజన్ సిలిండర్ గురించే అడుగుతారు. రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉంటే దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. చిన్న ఫ్యాన్ ముఖానికి, ముక్కు దగ్గరగా, గాలి తగిలేలా పట్టి, రోగిని కూర్చోబెట్టి ముందున్న దిండ్ల మీదికి వంచితే ఎక్కువ ఉపశమనం. చిన్న డోసు మార్ఫిన్ ఆయాసానికీ పనిచేస్తుంది.

నోరు ఎండకుండా 2 గంటలకోసారి తడిపిన స్పాంజితో తుడిచి, పెదాలకు వ్యాసలీన్ రాయండి. నాలుక మీద తెల్లని పొర కనిపిస్తే ఫంగస్ కావచ్చు, మందు ఉంది.

తిండి మానేశారని నోట్లో కుక్కకండి. జబ్బు ఒంటిని మూసేస్తోంది కాబట్టి ఆకలి పోయింది, ఆకలి పోవడంవల్ల మనిషి పోవడం లేదు. మింగలేని మనిషికి బలవంతంగా పెడితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. చివరి రోజుల్లో సెలైన్ ఎక్కువైతే కాళ్లు వాస్తాయి, గొంతులో నీరు చేరుతుంది.

చివరి గంటల్లో చేతులూ కాళ్లూ చల్లబడతాయి, మోకాళ్ల మీద నీలి మచ్చలు తేలతాయి, మూత్రం తగ్గుతుంది, ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గొంతులో గరగర వింటే ఇంట్లోవాళ్లు తల్లడిల్లిపోతారు. అది మింగలేక నిలిచిన తడి చప్పుడు. స్పృహ లేని మనిషికి దానివల్ల బాధ తెలియదనే డాక్టర్ల అంచనా. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తడి తగ్గించే మందు అడగండి. గొట్టంతో లోతుగా లాగించడం రోగికి హింసే. వినపడుతోందనుకునే మాట్లాడండి.

ఇంట్లోనే పోవాలని రాసుకుని ఉంటే, చివరి క్షణంలో కంగారుపడి అంబులెన్స్ పిలవకండి. వచ్చినవాళ్లు తమ పని కాబట్టి ఛాతీ నొక్కడం మొదలెడతారు. మరణ ధ్రువీకరణ ఇచ్చే డాక్టరు నంబరు ముందే గోడకు అంటించి ఉంచండి. మిగిలిన మార్ఫిన్‌ను లెక్కపెట్టి, తెచ్చిన చోటే తిరిగి అప్పగించండి. ఇంట్లో ఇంకెవరి నొప్పికో దాచి ఉంచకూడదు.