క్లస్టర్ షట్‌డౌన్‌కి ముందే డేటా సర్దుకోండి

"మెయింటెనెన్స్ ఉంది, స్క్రాచ్ ఖాళీ చేసుకోండి" అని క్లస్టర్ (అందరూ కలిసి వాడే కంప్యూటర్ల సమూహం) అడ్మిన్ దగ్గర్నుంచి మెయిల్ వస్తే దయచేసి పక్కన పెట్టకండి. స్క్రాచ్ అనే తాత్కాలిక స్టోరేజ్ ఉన్నది జాబ్ (మీరు క్లస్టర్‌కి ఇచ్చిన పని) నడిచేటప్పుడు వాడుకోవడానికి, దాచుకోవడానికి కాదు. మామూలుగా దానికి బ్యాకప్ ఉండదు. చాలా చోట్ల కొన్ని వారాలు ముట్టుకోని ఫైళ్లను సిస్టమే తీసేస్తుంది.

అలాగని బ్యాకప్ ఉందని ధీమాగా ఉండటానికీ లేదు. 2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్‌లో సుమారు 77 టెరాబైట్ల డేటా చెరిగిపోయింది. పాత లాగ్ ఫైళ్లను తుడిచే బ్యాకప్ స్క్రిప్టును, అది నడుస్తుండగానే మార్చారు. దాంతో అది లాగ్ ఫైళ్లతో ఆగక అసలు డేటానే తుడిచేసింది. 14 పరిశోధన బృందాల ఫైళ్లు పోయాయి, అందులో 4 బృందాలవి బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, అయినా పోయింది వాళ్ల కష్టమే. అందుకే రెండో కాపీ ఆ మెషీన్‌కి బయట ఉండాలి.

ముందు మళ్లీ తయారు చేసుకోలేనివి తీయండి. డీఎన్‌ఏ చదివే సీక్వెన్సర్ నుంచి వచ్చిన రా డేటా, కోడ్, ఇన్‌పుట్ ఫైళ్లు, జాబ్ స్క్రిప్టులు, వాడిన సాఫ్ట్‌వేర్ మాడ్యూళ్ల వెర్షన్లు. చెక్‌పాయింట్ల (జాబ్ మధ్యమధ్యలో సేవ్ చేసుకున్న ఫైళ్ల) సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆఖరి రోజు దాకా ఆగొద్దు. 1 గిగాబిట్ లైను మొత్తం మీకే దొరికినా 10 టెరాబైట్లు వెళ్లడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ వారం అందరూ అదే పనిలో ఉంటారు. లక్షల చిన్న ఫైళ్లుంటే ఇంకా నెమ్మది, కాబట్టి వాటిని టార్ చేసి (ఒకే ఫైలుగా కట్టి), లోపల ఏమున్నాయో జాబితా పక్కనే పెట్టండి. కాపీని అందరూ లాగిన్ అయ్యే లాగిన్ నోడ్ మీద కాకుండా, కాపీల కోసమే ఉన్న డేటా ట్రాన్స్‌ఫర్ నోడ్ మీద, కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్‌లో నడపండి.

నాకు అన్నిటికన్నా భయం, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్‌లో డిలీట్ ఆప్షన్. సోర్స్‌లో లేనివాటిని అది టార్గెట్‌లో తుడిచేస్తుంది. మా జూనియర్ ఒకమ్మాయి అర్ధరాత్రి నిద్రమత్తులో రెండు పాత్‌లు తారుమారు చేసింది. ఖాళీ ఫోల్డర్ సోర్స్ అయింది, ఎనిమిది నెలల సిమ్యులేషన్లున్నది టార్గెట్ అయింది. ఎంటర్ కొట్టాక అది మళ్లీ అడగదు. కంట్రోల్ సి నొక్కేసరికి సగం పోయింది. ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది. కాపీకి ఆ ఆప్షన్ అక్కర్లేదు. తప్పదనుకుంటే ముందు వెర్బోస్ ఆప్షన్ కూడా పెట్టి డ్రై రన్ (ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపించేది) చేయండి. తెర మీద "డిలీటింగ్" అనే లైన్లు కనిపిస్తే ఆగి పాత్ చూసుకోండి.

కాపీ అయిపోగానే అసలు ఫైళ్లు తీసేయకండి. రెండు వైపులా చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కకట్టే గుర్తు సంఖ్య) సరిచూసి, రెండు మూడు ఫైళ్లు నిజంగా తెరిచి చూడండి.

ల్యాబ్‌లో పీహెచ్‌డీ ముగించి వెళ్లిపోతున్న సీనియర్ ఉంటే ఈ వారమే కూర్చోబెట్టి ఏ ఫోల్డర్‌లో ఏముందో రీడ్‌మీ రాయించుకోండి, ఫైళ్లు గ్రూప్ పేరుకి మార్పించండి. అకౌంట్ మూసేశాక వాటికోసం ఎవరిని అడగాలో కూడా తెలియదు.