అలాస్కా క్రూయిజ్ ఎప్పుడు బుక్ చేస్తే మంచిది
సియాటెల్ నుంచి వేసవిలో అలాస్కా క్రూయిజ్‌కి పిల్లలతో వెళ్లాలనుకుంటే ముందు ఏడాదే గది తీసుకోండి. నలుగురు పట్టే గదులు ఓడలో తక్కువ, అవే ముందు అయిపోతాయి. ఆఫర్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య వస్తాయి. డిపాజిట్ వెనక్కి వచ్చే రకమే ఎంచుకోండి.

బుక్ చేశాం కదా అని వదిలేయకండి! మిగతా డబ్బు కట్టే గడువు సాధారణంగా ప్రయాణానికి మూడు నెలల ముందు ఉంటుంది. అప్పటిదాకా అదే తేదీకి, అదే రకం గది రేటు అప్పుడప్పుడూ చూస్తుండండి. తగ్గితే ఫోన్ చేసి అడగండి, చాలా కంపెనీలు కొత్త రేటుకు మారుస్తాయి. అయితే పాత ఆఫర్‌తో వచ్చిన ఉచిత వైఫై లాంటివి పోతాయేమో ముందే కనుక్కోండి. గడువు దాటాక అడిగినా పెద్దగా లాభం ఉండదు.

బడి సెలవులతో పని లేనివాళ్లకు మే, సెప్టెంబరు చవక.